బంగారు కొండ దేశంలో షుగరూ దిగులూ

1890లో అమెరికా ప్రభుత్వం జనాభా లెక్కలు తీస్తే ఆ దేశంలో 1,07,488 మంది చైనీయులు తేలారు. వారిలో మగవాళ్ళు 1,03,620 మంది, ఆడవాళ్ళు 3,868 మంది. అంటే దాదాపు 27 మంది మగవాళ్ళకు ఒక్క స్త్రీ. షుగరు జబ్బు కథను ఈ లెక్కతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అమెరికా చైనాటౌన్లలో ఇవాళ షుగరుతో బతుకుతున్నవాళ్ళ మనసు ఎందుకంత బరువెక్కుతుందో తెలుసుకోవాలంటే రక్తంలో చక్కెర ఎంతుందో చూస్తే చాలదు. ఆ ఇళ్ళలో అన్నాల వేళ ఎవరెవరు కలిసి కూర్చుంటున్నారో, వాళ్ళ ముందుతరాలకు ఎన్ని దశాబ్దాలు ఆ భాగ్యం లేకపోయిందో కూడా చూడాలి.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ పల్లెల్లో ఆ దేశానికి ‘గమ్ సాన్’ అని పేరొచ్చింది, బంగారు కొండ అని. 1852 ఒక్క ఏడాదిలోనే 20,000 మందికి పైగా శాన్ ఫ్రాన్సిస్కో రేవులో దిగారు. గనులు అడుగంటాక రైలు పని దొరికింది. 1869లో పూర్తయిన ఖండాంతర రైలుమార్గంలో, సియెరా నెవాడా కొండలను తొలిచి పడమటి భాగం వేసిన కూలీల్లో అత్యధికులు చైనీయులే. పెళ్ళి చేసుకుని, భార్యను అత్తమామల దగ్గర ఉంచి, నాలుగు రాళ్ళు వెనకేసుకుని తిరిగి వెళ్దామని వచ్చినవాళ్ళు వీళ్ళలో చాలామంది. అలా వచ్చినవాళ్ళ వెనక తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 1875లో వచ్చిన పేజ్ చట్టం పేరుకు వ్యభిచారాన్ని అరికట్టడానికి. అమలులో మాత్రం చైనా స్త్రీలు ఓడ దిగకుండా ఆపింది. 1882 మే నెలలో చైనా కూలీల రాకను ఏకంగా నిషేధించారు. మొదట పదేళ్ళకే అన్నారు, తర్వాత పొడిగించారు, చివరికి శాశ్వతం చేశారు. తెల్లవాళ్ళను పెళ్ళాడటాన్ని కాలిఫోర్నియా చట్టం ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్ళిన కూలీకి మళ్ళీ రానిస్తారన్న నమ్మకం లేదు. ఉండిపోయినవాడికి భార్యను తెచ్చుకునే దారి లేదు.

ఇలా చైనాటౌన్లు మగవాళ్ళ ఊళ్ళయ్యాయి. చాకిరేవు దుకాణాల్లో, వంటశాలల్లో, ఇరుకు గదుల్లో ముసలివాళ్ళయిపోయిన ఆ మనుషులు భర్తలుగా, తండ్రులుగా బతికింది ఉత్తరాల్లోనే. ఉత్తరంతోపాటు డబ్బు వెళ్ళేది. అటునుంచి బిడ్డ పుట్టాడనో, తల్లి పోయిందనో, ఇంటికి ఎప్పుడొస్తావనో కబురు వచ్చేది. పోయినవాళ్ళను పూడ్చి, కొన్నేళ్ళకు ఎముకలు తీసి, శుభ్రం చేసి, హాంకాంగ్ మీదుగా సొంత ఊళ్ళకు పంపే ఏర్పాటు సంఘాలు చూసేవి. బతికుండగా చేరలేని ఇంటికి ఎముకలైనా చేరాలన్న ఆరాటం అది.

ఈ వలస మనుషుల రోగాలను, దిగుళ్ళను ఎవరు చూశారు? చాలాచోట్ల మూలికా వైద్యులే. ఆరిగాన్ రాష్ట్రంలో జాన్ డే అనే చిన్న ఊళ్ళో కామ్ వా చుంగ్ అనే రాతి కట్టడం ఇప్పటికీ ఉంది. 1880ల చివర ఇంగ్ హే, లుంగ్ ఆన్ అనే ఇద్దరు చైనీయులు దాన్ని కొన్నారు. లుంగ్ ఆన్ వ్యాపారం చూసేవాడు, ఇంగ్ హే నాడి పట్టి మందిచ్చేవాడు. అది దుకాణం, వైద్యశాల, పూజగది, ఉత్తరాలు చదివి రాసిపెట్టే చోటు, రాత్రి తలదాచుకునే సత్రం కూడా. చైనా గనికూలీలు వెళ్ళిపోయాక కూడా చుట్టుపక్కల తెల్లవాళ్ళు ఇంగ్ హే దగ్గరికి వస్తూనే ఉన్నారు. 1940ల చివరిదాకా ఆ వైద్యం సాగింది. ఆయన పోయాక ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న ఆ ఇంటిని తెరిస్తే, మార్చుకోని చెక్కులు 23,000 డాలర్లకు పైగా విలువైనవి దొరికాయి. ఇద్దరూ చైనాలో భార్యలను వదిలి వచ్చినవాళ్ళే. ఇద్దరూ తిరిగి వెళ్ళలేదు. వందలమంది నాడి చూసిన మనిషి ఒంటరితనానికి ఆ ఊళ్ళో ఎవరూ మందివ్వలేకపోయారు.

ఇంగ్ హే వంటివాళ్ళు వెంట తెచ్చుకున్న వైద్యంలో షుగరు కొత్త జబ్బేమీ కాదు. ‘షియావో కె’ పేరుతో, మనిషిని కరిగించే దాహంగా, చైనా వైద్యులు దాన్ని రెండువేల ఏళ్ళుగా ఎరుగుదురు. ‘హువాంగ్‌దీ నెయ్‌జింగ్’ అనే ప్రాచీన గ్రంథం కొవ్వు, తీపి మితిమీరి తినే సంపన్నులకు ఈ జబ్బు వస్తుందని చెప్పింది. 7వ శతాబ్దపు జెన్ లీయెన్ రోగి మూత్రం తియ్యగా ఉంటుందని గుర్తించాడు. ఆయన మాటను వాంగ్ తావ్ 752లో కూర్చిన వైద్య సంకలనం భద్రపరిచింది. మూత్రంలో తీపిని పట్టుకుని మధుమేహం అన్న మన సుశ్రుతుడి చూపుకూ ఈ చూపుకూ దగ్గరితనం ఉంది. అదే 7వ శతాబ్దపు మహావైద్యుడు సున్ సిమియావ్ ఈ రోగులను మద్యానికి, ఉప్పటి తిండికి, గోధుమ పిండి వంటలకు దూరంగా ఉండమన్నాడు. తిండిని సరిచేస్తే మందు లేకుండా కూడా నెగ్గుకు రావచ్చన్నాడు.

నెయ్‌జింగ్‌లో ఇంకో మాట ఉంది. ఈ వ్యాసానికి అదే ముఖ్యం. కరుడుగట్టిన మనసున్నవాడికి కోపం ఎక్కువ, ఆ కోపం ఛాతీలో పేరుకుని వేడిగా మారి కండను కరిగిస్తుంది, ఈ జబ్బు అలా కూడా వస్తుంది అని ఒక అధ్యాయం వివరిస్తుంది. ఐరోపాలో 17వ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ కూడా దీర్ఘకాలపు దుఃఖాన్ని ఈ జబ్బు కారణాల్లో చేర్చాడు. శరీరాన్నీ మనసునూ వేరుచేసి చూడటం వైద్యానికి తర్వాత వచ్చిన అలవాటు. చైనా రోగులు మాత్రం ఆ పాత కలయికను వదులుకోలేదు. ‘కోపం తెచ్చుకోకు, షుగరు పెరుగుతుంది’ అని ఇంట్లో ఒకరినొకరు హెచ్చరించుకునే మాటకు అంత వెనకటి వేరుంది.

అమెరికా వైద్యశాఖలు చైనాటౌన్ మనసును పట్టించుకోవడం అటుంచి, ఒంటిని కూడా చాలాకాలం అనుమానంతోనే చూశాయి. 19వ శతాబ్దపు శాన్ ఫ్రాన్సిస్కో ఆరోగ్యాధికారుల నివేదికల్లో చైనాటౌన్ మశూచికి, కుష్ఠుకు పుట్టినిల్లు. మనుషులక్కడ రోగులుగా కనబడరు, రోగంగానే కనబడతారు. 1900 మార్చి 6న గ్లోబ్ హోటల్ నేలమాళిగలో ఒక చైనా కూలీ శవం దొరికింది. అది ప్లేగు అని అనుమానం. మర్నాటికల్లా చైనాటౌన్ చుట్టూ తాళ్ళు కట్టారు, పోలీసులు నిలబడ్డారు. తెల్లవాళ్ళను బయటికి వెళ్ళనిచ్చారు, చైనీయులను లోపలే ఉంచారు. కొద్దిరోజులకు ఎత్తేసిన ఆ కట్టడి మే చివర మళ్ళీ వచ్చింది. ఈసారి తాడు తెల్లవాళ్ళ ఇళ్ళూ దుకాణాలూ వచ్చినచోట వంకర తిరిగి వాటిని వదిలేసి సాగింది. హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో తయారుచేసిన ప్లేగు టీకా వేసుకోని ఆసియావాసులను ఊరు దాటనివ్వం అన్నారు. టీకా మీదా, కట్టడి మీదా చైనీయులు కోర్టుకెక్కారు. రెండు కేసుల్లోనూ న్యాయమూర్తి విలియం మారో ఈ చర్యలు ఒక జాతిని వేరుచేసి చేసినవేనని కొట్టేశారు. గెలిచారు, కానీ భయం పోలేదు. సర్కారు డాక్టరు వాకిట్లోకి వస్తే తలుపు వేసుకోవాలన్నది ఒక తరం నేర్చుకున్న పాఠమైంది.

ఆ పాఠాన్ని ఏంజెల్ ఐలండ్ ఇంకా గట్టిపరిచింది. 1906 భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కో పౌర రికార్డులు కాలిపోయాయి. దాంతో తాము అమెరికాలోనే పుట్టామని చెప్పుకునే వీలు చైనీయులకు దొరికింది. అమెరికా పౌరుడి కొడుకునని కాగితాలు కొనుక్కుని వచ్చినవాళ్ళను ‘కాగితపు కొడుకులు’ అన్నారు. వాళ్ళను పట్టుకోవడానికి శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఆ దీవిలో 1910 నుంచి 1940 వరకు నిర్బంధ కేంద్రం నడిచింది. మీ ఊళ్ళో బావి ఏ దిక్కున ఉంది, మీ ఇంటికి మెట్లెన్ని, పక్కింటాయన పెద్ద కొడుకు పేరేమిటి అంటూ గంటలు గంటలు అడిగేవారు. వారాలు, కొందరికి నెలలు గడిచేవి. అంతకుముందే ఆస్పత్రి పరీక్ష. గుంపులో బట్టలిప్పించి నిలబెట్టడం, కొంకిపురుగుల కోసం మలం అడగడం, పురుగు కనబడితే వెనక్కి పంపేస్తామనడం. ఆ అవమానం ఎంత లోతుగా దిగిందో చెక్కగోడలు చెబుతాయి. ఎదురుచూస్తూ కుమిలినవాళ్ళు గోడల మీద చైనా పద్యాలు చెక్కారు. 1970లో కూల్చివేతకు సిద్ధమైన ఆ భవనంలో అలెగ్జాండర్ వైస్ అనే పార్కు ఉద్యోగి వాటిని చూసి గుర్తించాడు. అలాంటివి 200కు పైగా వెలుగుచూశాయి. చైనా వలసదారుల మానసిక ఆరోగ్యం గురించి మనకున్న తొలి పత్రాలేవని అడిగితే ఈ గోడలనే చూపించాలి. ఆ కాలంలో వాళ్ళ దిగులు వినడానికి ఏ వైద్యుడూ కూర్చోలేదు. చెక్క విన్నది.

కాగితపు కొడుకు దొంగపేరుతోనే పెళ్ళాడి, పిల్లలను కని, ముసలివాడై పోయేవాడు. అసలు ఇంటిపేరు పిల్లలకు చెప్పేవాడు కాదు. 1956 నుంచి 1965 వరకు ప్రభుత్వం ‘ఒప్పుకోలు కార్యక్రమం’ నడిపింది. ఒకరు నిజం చెబితే బంధువులందరి కాగితాలూ బయటపడేవి. ఇంటి సంగతి బయటివాళ్ళకు చెప్పకూడదన్నది చైనా కుటుంబాల్లో పాత మర్యాదే. అమెరికాలో మాత్రం అది ప్రాణరక్షణ కూడా అయ్యింది. ఇలాంటి ఇళ్ళలో పెరిగిన మనిషిని తెల్లకోటు వేసుకున్న కొత్త మనిషి ‘ఈమధ్య మీకు దిగులుగా ఉంటోందా’ అని అడిగితే తల అడ్డంగా ఊపడంలో ఆశ్చర్యం లేదు. చాలామంది పరిశోధకులు దీన్ని సంస్కృతి ఖాతాలో వేస్తారు. అందులో చరిత్ర వాటా తక్కువేమీ కాదు.

ఊరి ఆస్పత్రుల తలుపులు చైనీయులకు దాదాపు మూసే ఉండటంతో చైనాటౌన్ తన ఆస్పత్రిని తానే కట్టుకుంది. 1900 ప్రాంతంలో శాక్రమెంటో వీధిలో తుంగ్ వా వైద్యశాల వెలిసింది. అక్కడ పాశ్చాత్య వైద్యులూ మూలికా వైద్యులూ పక్కపక్కనే చూసేవారు. భూకంపంలో అది పోయినా వేరేచోట కొనసాగింది. 1925 ఏప్రిల్‌లో, 15 సంఘాలు చేయీచేయీ కలిపి జాక్సన్ వీధిలో చైనీస్ హాస్పిటల్ తెరిచాయి. 1940లో బ్రూస్ లీ పుట్టింది అక్కడే. 2016లో దాని స్థానంలో కొత్త భవనం లేచింది. తమ భాషలో మాట్లాడే నర్సు, తమకు నప్పే గంజి, తమవాళ్ళు వచ్చి కూర్చునే వసారా దొరికే చోటు కోసం ఒక సమాజం ఇంత శ్రమపడటం గొప్ప విషయం. మనోవైద్యం అనే మాట అక్కడ వినబడక ముందే, రోగికి భయం పోగొట్టే పని ఆ గోడలు చేశాయి.

1943 డిసెంబరులో బహిష్కరణ చట్టం రద్దయింది. చైనా యుద్ధంలో మిత్రదేశమైంది కాబట్టి. కోటా ఏడాదికి 105 మంది. యుద్ధం తర్వాత సైనికుల భార్యలకు దారి దొరికింది. అసలు మార్పు 1965లో. ఆ ఏడాది సెప్టెంబరు 17న చైనా శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన ఇన్సులిన్ స్ఫటికాలను సాధించారు. ఒక ప్రోటీనును మొత్తంగా చేత్తో కట్టడంలో అది పెద్ద మైలురాయి. మరో రెండు వారాలకు, అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. రెండు సంఘటనలకూ సంబంధం లేదు. కానీ ఇవాళ చైనాటౌన్లో షుగరుతో ఉన్న ముసలమ్మ జీవితంలో రెండూ కలుస్తాయి. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికా బాట పట్టింది కూడా ఆ చట్టం తెరిచిన దారినే.

కుటుంబాలు రావడం మొదలైనా పాత ఒంటరివాళ్ళు మిగిలే ఉన్నారు. ఒక మంచం, ఒక కిటికీ, నడవా చివర అందరికీ ఒకే మరుగుదొడ్డి, ఒకే వంటిల్లు ఉండే హోటల్ గదుల్లో వాళ్ళ వయసు గడిచింది. 1966లో సెల్ఫ్ హెల్ప్ ఫర్ ది ఎల్డర్లీ, 1971లో ఆన్ లోక్ అనే సంస్థలు ఇలాంటివాళ్ళ కోసమే పుట్టాయి. వృద్ధులను నర్సింగ్ హోముకు పంపకుండా, పగలు ఒకచోట చేర్చి, వైద్యం చేసి, వేడి భోజనం పెట్టి, సాయంత్రం ఇంటికి చేర్చే పద్ధతి ఆన్ లోక్‌ది. తర్వాత అమెరికా మెడికేర్ వ్యవస్థ ఆ నమూనాను దేశమంతటికీ తీసుకుంది. ఆ గదులు ఇప్పటికీ ఖాళీ కాలేదు. కొత్తగా వచ్చిన కుటుంబాలు పిల్లలతో సహా అదే ఒక్క గదిలో ఉంటున్నాయి. పది కుటుంబాల ఉమ్మడి పొయ్యి దగ్గర వంతు కోసం నిలబడే ఇల్లాలికి ‘మీ ఆయనకు వేరుగా వండండి’ అని చెప్పే ఆహార సలహాదారు ఆ వంటింటిని ఒకసారి చూడాలి.

ఇక జబ్బు లెక్కలు. 1980లో చైనాలో జరిపిన పెద్ద సర్వేలో షుగరు ఉన్నవాళ్ళు నూటికి ఒకరు కూడా లేరు, 0.67 శాతమే. 2007-08 సర్వేలో పెద్దవాళ్ళలో 9.7 శాతం. ముప్పై ఏళ్ళలో ఒక దేశం తిండి, పని, నడక అన్నీ మారిపోయిన ఫలితం ఇది. వలసదారులకు ఆ మార్పు ఇంకా తొందరగా, ఒక్క విమాన ప్రయాణంలో వచ్చింది. అయినా అమెరికా వైద్యం వాళ్ళను చాలాకాలం గుర్తుపట్టలేదు. సన్నగా ఉన్నారు కదా అనుకుంది. ఎత్తు-బరువుల సూచిక 25 దాటితే షుగరు పరీక్ష అన్న నియమం తెల్లవాళ్ళ శరీరాలను బట్టి పెట్టింది. ఆసియావాసుల్లో పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ కొవ్వు చేరి, బరువు తక్కువగా ఉన్నప్పుడే జబ్బు వస్తుంది. 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వాళ్ళకు ఆ గీతను 23కు దించింది. మన తెలుగువాళ్ళూ ఆ గీత కిందికే వస్తారు. అదే ఏడాది వెలువడిన జాతీయ సర్వే విశ్లేషణ ప్రకారం, షుగరు ఉన్న ఆసియా అమెరికన్లలో సగానికి పైగా ఆ సంగతి తెలియకుండానే తిరుగుతున్నారు.

శరీరాన్ని గుర్తుపట్టడానికే ఇంతకాలం పట్టింది. మనసు సంగతి మరీ ఆలస్యమైంది. దానికి ఒక చిత్రమైన పూర్వకథ ఉంది. 1869లో న్యూయార్క్ వైద్యుడు జార్జ్ బియర్డ్ నరాల బలహీనతను ఒక జబ్బుగా ప్రచారంలో పెట్టాడు. నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, నీరసం, గుండెదడ దాని లక్షణాలు. అమెరికాలో ఆ పేరు క్రమంగా పాతబడింది. 1980లో అమెరికా మనోవైద్యుల అధికారిక గ్రంథం దాన్ని తీసేసింది. చైనాలో మాత్రం అది స్థిరపడిపోయింది. సరిగ్గా ఆ 1980లోనే హార్వర్డ్ వైద్యుడు, మానవశాస్త్రవేత్త ఆర్థర్ క్లైన్‌మన్ హునాన్ రాష్ట్రంలో నరాల బలహీనత అని చీటీలో రాసుకున్న 100 మందిని పరీక్షించాడు. 87 మందికి డిప్రెషన్ లక్షణాలున్నాయి. వాళ్ళు దాచింది లేదు, అబద్ధం చెప్పిందీ లేదు. సాంస్కృతిక విప్లవంలో దెబ్బతిన్న బతుకుల బాధను తలనొప్పిగా, నిద్రలేమిగా చెప్పుకున్నారు. అలా చెబితే వింటారు, సానుభూతి చూపిస్తారు. పిచ్చి అన్న ముద్ర పడదు. వలస వెళ్ళినవాళ్ళు ఆ చెప్పుకునే పద్ధతిని కూడా వెంట తీసుకెళ్ళారు. షుగరు రోగి ‘ఒంట్లో సత్తువ లేదు, నిద్ర రావడం లేదు’ అన్నప్పుడు అది చక్కెర వల్లో, దిగులు వల్లో, రెండింటి వల్లో తేల్చడం డాక్టరుకు కష్టం. తేల్చకుండా మాత్ర పెంచడం తేలిక.

1990ల దాకా షుగరు వైద్యంలో రోగి మనసుకు కొలత లేదు. 1995లో బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రానికి చెందిన విలియం పొలోన్‌స్కీ బృందం 20 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. రోజూ వేలు గుచ్చుకోవడం, ప్రతి ముద్దకూ లెక్క చూసుకోవడం, కాళ్ళు పోతాయేమో, చూపు పోతుందేమో అన్న భయం, ఇంట్లోవాళ్ళ పోరు, డాక్టరు మందలింపు... వీటితో వచ్చే విసుగును, అలసటను డిప్రెషన్ నుంచి వేరుగా చూడాలని ఆ పట్టిక నేర్పింది. మంచి పనే. కానీ అది వేసిన ప్రశ్నలు ఒంటరి రోగికి వేసినవి. నీకు ఎలా ఉంది అని అడిగేవి. చైనా ఇళ్ళలో షుగరు ఒకరికి వస్తే అది ఇంటిల్లిపాది పళ్ళెంలోకీ వస్తుంది.

ఈ సంగతిని శ్రద్ధగా తవ్వినవాళ్ళు శాన్ ఫ్రాన్సిస్కోలోనే ఉన్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ ఆచార్యురాలు కాథరిన్ చెస్లా, యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో మనస్తత్వ శాస్త్రవేత్త కెవిన్ చున్ కలిసి 2000ల నుంచి చైనా వలస కుటుంబాలతో కూర్చుని, వాళ్ళ భాషల్లోనే మాట్లాడించారు. రోగిని ఒక్కరినే పిలవలేదు. భార్యాభర్తలను పిలిచారు. 2009లో వెలువడిన వాళ్ళ అధ్యయనం 20 జంటల మాటల మీద నిలబడింది. షుగరు ఆ ఇళ్ళలో దేనిని గాయపరిచిందని చూస్తే ఒకే సమాధానం పదేపదే వచ్చింది: ఇంటి సామరస్యం.

అది మూడు వైపుల నుంచి గాయపడింది. మొదటిది చిరాకు. చక్కెర హెచ్చుతగ్గులతో, అలసటతో మనిషి చిటపటలాడతాడు. గొంతు పెంచకపోవడమే మర్యాద అయిన ఇంట్లో ఆ చిటపట పెద్ద అలజడి. రెండోది తిండి. మూడోది ఇంట్లో ఎవరి బాధ్యత ఏమిటన్న ఏర్పాటు. సంపాదించే భర్త నీరసించినా, వండిపెట్టే భార్యకే జబ్బు వచ్చినా ఆ ఏర్పాటు తలకిందులవుతుంది. వీటిని ఎదుర్కోవడానికి చాలామంది ఎంచుకున్నది మాటల్లో పెట్టని సర్దుబాటు. భార్య ఏమీ అనకుండా నూనె తగ్గిస్తుంది, కూర పెంచుతుంది. రోగి కూడా ఇంట్లోవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని వాళ్ళు వండిందే తిని ఊరుకుంటాడు. చూసేవాళ్ళకు అంతా సవ్యంగానే ఉంటుంది. లోపల మాత్రం ఒకరి కోసం ఒకరు మింగుకున్న మాటలు పేరుకుంటాయి.

తిండి దగ్గర ఇంకొంచెంసేపు ఆగాలి. కాంటన్ ప్రాంతంవాళ్ళకు అన్నం తినకపోతే భోజనం చేసినట్టు కాదు. ఈ మాట తెలుగువాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. జబ్బుపడ్డవాళ్ళకు ఇచ్చే ‘జోక్’, అంటే మెత్తగా ఉడికిన బియ్యపు గంజి, అమ్మ చేతి మందు లాంటిది. చక్కెరను వేగంగా పెంచే వాటిలో అదీ ఒకటి. విందులో పెద్దలు మంచి ముక్క ఏరి అతిథి గిన్నెలో వేస్తారు. వద్దనడం ఆ చేతిని తోసేయడమే. కొన్ని పదార్థాలు వేడి చేస్తాయి, కొన్ని చలవ అన్న లెక్క వేరే ఉంది. డాక్టరు ఇచ్చిన పట్టికలో ఆ లెక్క లేదు. పాశ్చాత్య మందులు ఘాటైనవి, ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు పాడవుతాయన్న భయం, మూలికలు నెమ్మది అన్న నమ్మకం కూడా ఉన్నాయి. ఈ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేసినచోట రోగి మాత్రలు మానేసి, మానేసిన సంగతి చెప్పకుండా ఉండిపోతాడు.

ఇక్కడే ఆ 1890 లెక్క గుర్తుంచుకోవాలి. కలిసి కూర్చుని అన్నం తినడం ప్రపంచంలో ఎక్కడైనా ప్రీతికరమే. చట్టం పెట్టి అరవై ఏళ్ళు ఆ పని జరగనివ్వని సమాజంలో దానికి వచ్చే విలువ వేరు. 1965 తర్వాత వచ్చినవాళ్ళకూ ఆ లోటు మరో రూపంలో తగిలింది. కొడుకు పిల్లలను చూసుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళు బస్సు ఎక్కడానికి, చీటీ చదవడానికి, డాక్టరు చెప్పింది అర్థం చేసుకోవడానికి మనవళ్ళ మీద ఆధారపడ్డారు. ఊళ్ళో పెద్దరికం చేసిన మనిషి ఇక్కడ పన్నెండేళ్ళ పిల్లవాడిని తన మూత్రం గురించి డాక్టరుతో మాట్లాడమని అడగాలి. అలాంటి మనిషికి మిగిలిన పెద్దరికం వండి వడ్డించడంలోనే ఉంది. ‘అన్నం తగ్గించండి’ అన్న రెండు ముక్కల సలహా ఆ చివరి అధికారం మీద పడుతుంది. డాక్టరు మాట తప్పు కాదు. ఆ మాట ఎవరి మీద, వాళ్ళ బతుకులో ఎక్కడ పడుతోందో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

చెస్లా, చున్‌ల బృందం అక్కడితో ఆగలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ గ్రే చిన్నప్పటి నుంచే ఇన్సులిన్ మీద బతికే కౌమార పిల్లల కోసం రూపొందించిన ఒక శిక్షణ ఉంది. కష్టమైన సందర్భాన్ని ఎలా ఎదుర్కోవాలో, మనసులో మాట ఎలా బయటపెట్టాలో నటించి చూపి నేర్పుతుంది. దాన్ని చైనాటౌన్ సంస్థలతో కలిసి చైనా పెద్దవాళ్ళకు తగ్గట్టు మార్చారు. అమెరికా పిల్లవాడికి ‘నాకు వద్దు’ అని సూటిగా చెప్పడం నేర్పితే సరిపోతుంది. పెద్దన్న చేత్తో గిన్నెలో వేసిన ముక్కను ఆయన మనసు నొచ్చుకోకుండా కాదనడానికి వేరే నేర్పు కావాలి. భార్య పోరును ప్రేమగా వినడానికి, తన భయాన్ని ఆమెకు చెప్పడానికి ఇంకో నేర్పు కావాలి.

ఆరు వారాలు, వారానికో కూడిక. 145 మంది వచ్చారు. ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మూడు నెలల సగటు చక్కెరలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొదలుపెట్టేటప్పటికే వాళ్ళ సగటు 7 శాతం దగ్గర ఉంది, తగ్గడానికి చోటు తక్కువ. మిగతావి చాలా మారాయి. జబ్బు తెచ్చే మానసిక భారం తగ్గింది, దాన్ని నడపగలమన్న ధైర్యం పెరిగింది, ఇంట్లోవాళ్ళ ఆసరా పెరిగిందని వాళ్ళే చెప్పారు. రెండు సంస్కృతుల మధ్య మసలగలమన్న నమ్మకం కూడా పెరిగింది. రక్తపరీక్షే కొలబద్ద అనుకునేవాళ్ళకు ఇది విఫలమైన ప్రయోగంలా కనిపించవచ్చు. అలా చూడటం ఆ 145 మందికి చేసే అన్యాయం. చైనాటౌన్ రోగులు మందుల చీటీలను నిష్ఠగా పాటించి, లోపల కుమిలిపోతూ కూడా 7 దగ్గర నిలబడగలరని ఆ అంకె చెబుతోంది. అంకె బాగుందని డాక్టరు మెచ్చుకుని పంపేసినవాళ్ళే ఆరు వారాల కూడికలకు బస్సెక్కి వచ్చారు.

2020లో కరోనా వచ్చినప్పుడు అమెరికా వీధుల్లో చైనా ముఖాలను మళ్ళీ రోగంగా చూశారు. ఉమ్మారు, తోశారు, ముసలివాళ్ళను కొట్టారు. షుగరు ఉన్నవాళ్ళకు కరోనా ఎక్కువ ప్రమాదం. నడక వాళ్ళకు మందు. ఆ నడకకే బయటికి రావడానికి చాలామంది జంకారు. పోర్ట్‌స్మత్ స్క్వేర్ చైనాటౌన్ ముసలివాళ్ళు పొద్దున్నే చేతులూపుతూ వ్యాయామం చేసి, మధ్యాహ్నం చదరంగం ఆడే చోటు; అక్కడికి వెళ్ళడానికీ జంకారు. ఆ రోజుల్లో పిల్లలు, మనవలు, ముక్కూమొహం తెలియని వాలంటీర్లు చైనాటౌన్ పెద్దల వెంట దుకాణాలకు, క్లినిక్కులకు తోడు నడిచారు. సంఘాలు ఇంటింటికీ వేడి భోజనం చేరవేశాయి. ఫోనులో షుగరు ఎంతుందని అడిగిన నర్సులు, అదే ఫోనులో ఇంట్లో ఎవరున్నారు, ఎవరితో కలిసి తింటున్నారని కూడా అడగడం మొదలుపెట్టారు.